ఆ మాత్ర ఎందుకు మొదలైంది?

పిల్లల ఫైలు చేతికి రాగానే నేను అడుగున ఉన్న పాత చీటీ తీస్తాను. ఏ మాత్ర ఏ తేదీన మొదలైందో, ఆ వారం ఇంట్లోవాళ్ళు డాక్టరుతో ఏమని చెప్పుకున్నారో వరసగా రాస్తాను. పిల్లల మానసిక వైద్యంలో ఇంతకంటే పనికొచ్చే పరీక్ష నాకు తెలియదు.

నాలుగు మందులతో వచ్చే పిల్లల ఫైళ్ళు చాలావరకు ఒకే దారిన నడుస్తాయి. బడిలో కుదురుగా కూర్చోడంటారు. ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీ సమస్యకు మిథైల్‌ఫెనిడేట్ మొదలవుతుంది. మధ్యాహ్నం డోసు ట్యూషన్ కోసం సాయంత్రానికి జరుగుతుంది. రాత్రి నిద్ర పట్టదు. "వాడు పడుకుంటే చాలు సార్, ఏదన్నా రాయండి" అని తల్లి బతిమాలుతుంది, క్లోనిడిన్ చేరుతుంది. పొద్దున మగతగా ఉంటాడు, లేపితే చిరాకు, చెల్లెల్ని కొడతాడు, రిస్పెరిడోన్ వస్తుంది. కొన్నాళ్ళకు చేతులు వణికి, నడక బిగుసుకుపోతే ట్రైహెక్సీఫెనిడిల్. దాంతో నోరెండుతుంది, విరేచనం సాఫీగా కాదు, చదివింది గుర్తుండదు. ధ్యాస లేదని బడి నుంచి మళ్ళీ కబురు. మొదటి మందు డోసు పెంచుతారు!

ప్రతి చీటీ ఆ రోజు విన్న బాధకు జవాబే. కానీ ఆ సాయంత్రం మాత్ర ఎన్నింటికి వేస్తున్నారని ఒక్కరు అడిగి ఉంటే తక్కిన మూడూ బహుశా అక్కర్లేకపోయేవి.

మందులంటే నాకు విముఖత లేదు. ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన చిరాకుకు రిస్పెరిడోన్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2006లో 5 నుంచి 16 ఏళ్ళ వారికి అనుమతించింది; దానితో ఇళ్ళు కుదుటపడటం చూశాను. ఫిట్స్‌తో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లలకు రెండు మందులు అవసరం కావచ్చు. ఎందుకిచ్చారో ఎక్కడా రాసిలేని మాత్ర మీదే నా అభ్యంతరం.

పైగా రెండు మందులు ఒంట్లో వేటి దారిన అవి పోవు. కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ తోడైతే కాలేయంలో రిస్పెరిడోన్ విరిగే వేగం తగ్గుతుంది. చీటీలో డోసు మారకపోయినా రక్తంలో మందు పెరుగుతుంది. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ పక్కన మరో ఫిట్స్ మందు లామోట్రిజిన్ మామూలు డోసులో మొదలుపెడితే ప్రాణాల మీదికి తెచ్చే దద్దుర్లు రావచ్చు. రిస్పెరిడోన్, వాల్‌ప్రోయేట్ రెండూ బరువు పెంచేవే. పిల్లాడికి నిరుటి చొక్కా గుండీలు పట్టడం లేదంటే బొద్దుగా అయ్యాడని మురిసిపోకూడదు. బరువు, నడుము కొలత, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి.

అమెరికాలో ప్రభుత్వ సంరక్షణ కింద పెంపుడు ఇళ్ళలో ఉండే పిల్లల మందుల లెక్కలను అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఐదు రాష్ట్రాల్లో పరిశీలించి 2011 డిసెంబరులో బయటపెట్టింది. మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా కింద ఉన్న తక్కిన పిల్లలకంటే వీరికి మానసిక మందులు 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువగా రాశారని అందులో తేలింది. వందల మంది పిల్లలు ఒకేసారి ఐదు, అంతకంటే ఎక్కువ మందుల మీద ఉన్నారని బయటపడింది. అన్ని మందులు కలిపి వాడటానికి పెద్దల్లో కూడా ఆధారం లేదని నిపుణులు అందులో చెప్పారు. ఇల్లు మారి, డాక్టరు మారి, పిల్లవాడి కథ మొదటి నుంచి తెలిసిన మనిషి లేకుండా పోవడం ఇందులో పెద్ద కారణమని నా నమ్మకం. డాక్టరు తర్వాత డాక్టరును మార్చే మన కుటుంబాల్లోనూ ఆ మనిషి ఉండటం లేదు.

ఎక్కువైన మందులు తగ్గించేటప్పుడు నేను ఒకసారికి ఒక్కదాన్నే ముట్టుకుంటాను, అదీ పరీక్షల నెలలో కాదు. దానికి వారాలు పడుతుంది. తల్లిదండ్రులకు ఓపిక తగ్గేదీ అప్పుడే.

అమ్మానాన్నలకు ఒక మనవి. ఇది చదివి రేపే మాత్రలు ఆపేయకండి. క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ ఎగబాకుతుంది, వాల్‌ప్రోయేట్ ఆపితే ఫిట్స్ రావచ్చు. పాత చీటీలన్నీ తేదీల వారీగా పెట్టుకుని మీ డాక్టరు దగ్గరికే వెళ్ళండి. ఒక్కొక్క మాత్రా చూపించి, ఇది దేనికి, ఎన్నాళ్ళు, ఏ పరీక్షలు చేయించాలి అని అడగండి. జవాబు ఆ చీటీ మీదే రాయించుకోండి.