పోడు పాఠంలో కనిపించని ఆడవాళ్లు

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి భూగోళం పుస్తకంలో మన పోడు కనిపించేది 'ఆదిమ జీవనాధార వ్యవసాయం' కింద. నరుకుతారు, కాలుస్తారు, సారం తగ్గితే ఇంకో చోటికి పోతారు. పనిముట్లు పాతవి, ఎరువులు వేయరు, దిగుబడి తక్కువ. అస్సాం ఝూమ్‌తో పాటు పోడు పేరు కూడా వేసినందుకు సంతోషించాలి కాబోలు.

అబద్ధమని అనను. కొలత ఎవరిదన్నదే నా పేచీ. ఎకరాకు ఒక పంట ఎన్ని బస్తాలని లెక్కపెడితే పోడు వెనకబడే ఉంటుంది. సామ, కొర్ర, చోడి, కంది ఒకే వాలులో కలిపి వేసేది, ఒకటి పోయినా మరొకటి ఇంటికి రావాలని. ఆ లెక్క పాఠంలో లేదు. కొండను కలపగా చూసిన అటవీ శాఖకు పోడు విధ్వంసంగా కనిపించింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఆంక్షలు బిగిశాయి. 1922-24 మన్యం తిరుగుబాటుకు అదొక కారణం. 'ఆదిమ' అన్న మాటలో ఆ చూపే ఉంది. పరీక్ష కోసం టీచర్లు ఆ మాటే రాయించక తప్పదు; రాయించే ముందు అది ఎవరి మాటో చెప్పొచ్చు.

ఇక 'కుటుంబ శ్రమ'. విత్తనానికి మంచి వెన్నులు ఏరేది, కలుపు తీసేది, బీడు వదిలిన పోడులో ఏ దుంప ఎక్కడుందో తెలిసింది చాలా ఇళ్లలో ఆడవాళ్లకే. (అలాగని వాళ్లను అడవితల్లులను చేసి దండాలు పెట్టొద్దు. మోత కూడా వాళ్లదే.) మగవాళ్ల చూపునే అందరి చూపుగా భూగోళశాస్త్రం చెలామణి చేసిందని జిలియన్ రోజ్ 1993లో 'ఫెమినిజం అండ్ జాగ్రఫీ'లో వాదించింది. సరే, కానీ ఏ ఆడవాళ్లు? అమెరికాలో జనరల్ మోటార్స్ మీద దావా వేసిన నల్లజాతి ఆడ కార్మికుల గురించి 1989లో కింబర్లీ క్రెన్షా రాసింది. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను తీసుకోలేదు. లేఆఫ్ వచ్చినప్పుడు వెనక చేరినవాళ్లే ముందు పోయారు. ఆడవాళ్లను తీసుకున్నారు కదా అంది కోర్టు. తీసుకున్నది తెల్లవాళ్లను. మన దగ్గర 'గిరిజనుడు' అంటే మగవాడు గుర్తొస్తాడు, 'మహిళ' అంటే పట్నం ఆవిడ.

2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఇమ్మంది. బీడు వదిలిన పోడు పటంలో అడవిలాగే కనిపిస్తుంది, అందుకే సాక్ష్యం కావాలి. పెద్దల మాటను రాసి సాక్ష్యంగా పెట్టొచ్చని ఆ చట్టం నియమాలే చెబుతున్నాయి. పెద్దలనగానే మనం మగవాళ్లను పిలుస్తున్నాం. నిరుడు ఆ బీడులో దుంపలు తవ్విన ముసలమ్మను ఎవరూ అడగడం లేదు.