వీణ మెట్ల మీద 72

తిరువొత్తియూరు గుడిలో కొలువైన త్రిపురసుందరి మీద త్యాగయ్య అయిదు కృతులు కట్టాడు. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరుది ఈ ఊరే. బేగడ వర్ణం నేర్చుకునే పిల్లలు ఈనాటికీ కుప్పయ్యరు తెలుగునే పాడుతున్నారు. ఆ అయిదు కృతుల రాగాల చిరునామా వెతికితే 72 దగ్గరికి చేరతాం.

రాగాలకు మూలమైన మేళకర్తలు (మేళాలు) 72 అనగానే అరవైనాలుగు కళల్లా, నూటెనిమిది నామాల్లా అదీ ఒక శుభసంఖ్య అనుకునేవారున్నారు. నిజానికి అది లెక్కలో తేలిన సంఖ్య. వీణ ముందు కూర్చుంటే కళ్లకే కనిపిస్తుంది. సారణి తీగ మీటితే షడ్జం. మొదటి నాలుగు మెట్లలో రెండింటిని ఎంచుకోవాలి: కిందిది రి, పైది గ. 1-2, 1-3, 1-4, 2-3, 2-4, 3-4. ఆరే జతలు, ఏడోది దొరకదు. అయిదు, ఆరు మెట్లు మధ్యమాలు; వాటిలో ఒకటి తీసుకోవాలి. ఏడోది పంచమం. ఎనిమిది నుంచి పదకొండు దాకా ధ, నిలకు మళ్లీ ఆరు జతలు. ఆరు రెళ్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బైరెండు.

72ను విడగొడితే 2 మూడుసార్లు, 3 రెండుసార్లు వస్తాయి. ఆ రెండు ఆర్లూ, రెండు మధ్యమాలూ అందులోనే ఉన్నాయి. ప్రతి ప్రధాన కారణాంకమూ కనీసం రెండుసార్లు వచ్చినా, తాను మాత్రం ఏ సంఖ్యకూ వర్గమో ఘనమో మరే ఘాతమో కాని సంఖ్యను గణితంలో అకిలీజ్ సంఖ్య అంటారు. వాటిలో అతి చిన్నది 72.

తంజావూరులో విజయరాఘవ నాయకుడి ఆశ్రయంలో 'చతుర్దండి ప్రకాశిక' రాసిన వేంకటమఖి ఈ 72 మేళాల పట్టిక వేశాడు. తన నాటికి వాడుకలో ఉన్నవి 19 మేళాలే అని తెలిసీ 72కూ చోటుంచాడు. ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందంటాను.

తర్వాతివారు రాగం పేరులోనే నంబరు దాచారు. అక్షరాలను అంకెలుగా చదివే ఆ పద్ధతే కటపయాది. మేచకల్యాణిలో 'మ' 5, 'చ' 6. వెనకనుంచి చదివితే 65. ధీరశంకరాభరణంలో 'ధ' 9, 'ర' 2, అంటే 29. ఆ 'మేచ', 'ధీర' లెక్క కోసం ముందు చేర్చినవే. ఒక్కో మధ్యమానికి 36 మేళాలు కనుక 29కి 36 కలిపితే 65. మెట్ల మీద చూస్తే తేడా ఒక్క మధ్యమమే, అయిదో మెట్టు ఆరో మెట్టవుతుంది.

తిరువొత్తియూరు కృతుల్లో ఒకటి కల్యాణి, 65. ఆరభి, బేగడ, శుద్ధసావేరి మూడూ 29వ మేళానికి పుట్టిన పిల్లలు. సావేరి 15వ మేళం మాయామాళవగౌళకు చెందింది. ఒకే ఇంటివైనా బేగడను ఆరభి అని ఎవరూ పొరబడరు. గమకం, నడక, నిలిచే స్వరం పట్టికలో పట్టవు. వాటిని గురుముఖంగానే నేర్చుకోవాలి.

పిల్లలకు సంగీతం చెప్పే పంతుళ్లకు ఒక మనవి. 72 పేర్లూ వల్లె వేయించే ముందు, ఒక్కసారి వాళ్ల వేళ్లను ఆ నాలుగు మెట్ల మీద పెట్టించి జతలు లెక్కపెట్టించండి.