కార్బురేటర్ జోలికి పోయే ముందు

పాత పెట్రోల్ అంబాసిడర్ ఘాట్ రోడ్డు ఎక్కుతూ జర్కులిస్తే చాలామంది చెయ్యి ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. జెట్లు కడుగుతారు, స్క్రూలు తిప్పుతారు, పెట్రోల్లో కల్తీ అంటారు. తీరా చూస్తే తప్పు చాలాసార్లు ప్లగ్ వైర్లలో ఒకదానిది. ఇగ్నిషన్ పాయింట్ల కాలం నుంచి బళ్లు బాగుచేస్తున్న మేస్త్రీలకు ఈ సంగతి కొత్త కాదు. వాళ్ల విద్యలో పనిముట్లు తక్కువ, వెతికే వరస ముఖ్యం.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. కాయిల్ దాన్ని పది, ఇరవై వేల వోల్టులకు పెంచితే, డిస్ట్రిబ్యూటర్లో తిరిగే రోటర్ 1-3-4-2 వరసలో సిలిండర్లకు పంచుతుంది. అంత కరెంటును దారిలో ఆపి ఉంచేది వైరు మీది తొడుగొక్కటే. ఇంజిన్ వేడికి అది ఎండి పగుళ్లిస్తుంది. పైన నూనె, దుమ్ము పట్టి, వాటిమీద తేమ చేరితే కరెంటుకు అడ్డదారి దొరికినట్టే. వానాకాలం పొద్దున మొండికేసిన బండి ఎండెక్కాక ఏమీ ఎరగనట్టు నడిచేది అందుకే. ఘాట్ మీద కారణం వేరు. యాక్సిలరేటర్ నొక్కితే సిలిండర్లో ఒత్తిడి పెరిగి, ప్లగ్ గ్యాప్ దాటడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. అక్కడ దాటడం కష్టమయ్యేసరికి కరెంటు వైరు పగుల్లోంచి ఇంజిన్ బాడీకి దూకుతుంది.

మొదటి పరీక్ష చెవితోనే: సైలెన్సర్ చప్పుడులో ఒక దెబ్బ తప్పుతోందా? తప్పుతుంటే ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కో వైరు పీకి చూస్తారు. పీకగానే ఇంజిన్ కుంగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. పీకినా తేడా రాకపోతే మిస్సింగ్ అక్కడే. ఈ పని ఒట్టి చేత్తో చేసి గొప్పలు పోయేవాళ్లున్నారు, ఆ గొప్ప మనకొద్దు. రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్ వాడాలి, పీకిన వైరుకు పాత ప్లగ్గొకటి తగిలించి ఇంజిన్‌కు ఎర్త్ చెయ్యాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బళ్లలో ఈ పద్ధతే వద్దు, కాలని పెట్రోల్ దాన్ని పాడుచేస్తుంది.

ఇక అసలు తెలివి: ఆ వైరును పక్క సిలిండర్ వైరుతో మార్చడం, ఫైరింగ్ ఆర్డర్ చెడకుండా. మిస్సింగ్ వైరుతోపాటు జరిగితే దోషం వైరుదే. కదలకపోతే ప్లగ్గులు మార్చి చూస్తారు. అప్పటికీ కదలకపోతే డిస్ట్రిబ్యూటర్ క్యాపు, తర్వాత కంప్రెషన్. క్యాపు లోపల పెన్సిల్ గీతలాంటి సన్నని నల్లచార కనిపిస్తే అది కరెంటు పారిన దారి. తుడిచినా మళ్లీ పడుతుంది, క్యాపు మార్చాల్సిందే.

మీటరు పెట్టినవాళ్లు ఒక చోట మోసపోతారు. కార్బన్ వైరుకు ఆ చివర నుంచి ఈ చివరకు వేల ఓముల రెసిస్టెన్స్ సహజం, పొడుగు వైరుకు ఎక్కువ ఉంటుంది. వంచినప్పుడు అంకె ఎగిరిపడితే లోపల తెగినట్టు. కానీ మీటరు పంపేది కొద్ది వోల్టులే కాబట్టి తొడుగులో పగులు దానికి కనిపించదు. పగులు పట్టడానికి చీకటే మేలు. రాత్రిపూట లైట్లార్పి, బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే బాటిల్‌తో కాస్త నీటి తుంపర కొడితే లీకున్నచోట నీలిరంగు మెరుపు కనిపిస్తుంది, చిటపట వినిపిస్తుంది. నా లెక్కలో ఇంత చౌకైన, ఇంత నమ్మకమైన పరీక్ష ఇంకోటి లేదు. చేతులు, చొక్కా ఫ్యాన్ బెల్టుకు దూరంగా ఉండాలి, అంతే.

కొత్త వైర్లతోనూ చిక్కు వస్తుంది. చూడ్డానికి బాగుంటుందని నాలుగింటినీ కట్టకట్టి టేపు చుడతారు కొందరు. 3, 4 సిలిండర్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని వెంట ఒకటి మండుతాయి. ఆ రెండు వైర్లూ ఆనుకుని సాగితే 3లో కరెంటు పారినప్పుడు 4లోనూ పుట్టి, వేళకాని వేళ మంట లేపవచ్చు. వైర్లను విడదీసి పట్టే క్లిప్పులు అందుకే ఇస్తారు.

అంబాసిడర్ తయారీ 2014 మేలో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. ఇప్పటి చాలా కార్లలో ప్లగ్గు నెత్తినే కాయిల్ కూర్చుంటుంది, పొడుగాటి వైర్లే లేవు. స్కానర్ పెడితే పీ0303 అని మూడో సిలిండర్ను చూపిస్తుంది. ఎందుకో మాత్రం చెప్పదు. అక్కడా మంచి మెకానిక్ చేసేది కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి, కోడ్ దాని వెంట పోతుందా అని చూడటమే.

వైర్లు మార్చేటప్పుడు సెట్టంతా మార్చండి, కానీ ఒక్కొక్కటిగా, వైరు చివరి క్యాప్ పట్టుకుని లాగుతూ. నాలుగూ ఒకేసారి పీకేశారో, ఏది ఎక్కడిదో మరిచిపోయి సైలెన్సర్లో పటాకులు పేలతాయి.