‘మరమ్మతు’ అనే ఒక్క మాట: వికిరణ సున్నిత కణాల పరిభాషపై పరిశీలన

వికిరణానికి సాధారణ కణాలకంటే తేలికగా చనిపోయే ఉత్పరివర్తిత కణాలను గురించి తెలుగులో రాసేటప్పుడు ‘డి.ఎన్.ఎ. మరమ్మతు లోపం’ అనే పదబంధంతో సరిపెట్టుకొంటున్నాం. సైన్సు విభాగపు సహోద్యోగి ఒకరు తమ పాఠం నోట్సులో భాషను చూసిపెట్టమన్నప్పుడు నేనూ ఆ మాటను అలాగే ఉంచేశాను. తరువాత ఆ కణాల చరిత్ర చదివితే, ఆ ఒక్క మాట కింద కనీసం మూడు వేరువేరు వైఫల్యాలు కలిసిపోయాయని తెలిసింది. వాటిని విడదీసి చెప్పడానికి తాళపత్ర గ్రంథ పరిష్కరణలో మనకు అలవాటైన మాటలు అక్కరకు వస్తాయి.

ఒక గ్రే వికిరణం సోకితే క్షీరద కణంలో సుమారు 1000 ఒంటిపోగు ఛేదాలు, 20 నుంచి 40 వరకు జంటపోగు ఛేదాలు ఏర్పడతాయి. మొదటి రకంలో ఎదుటి పోగు చెక్కుచెదరక ఉంటుంది గనుక దాన్ని చూసి సరిచేయవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది రెండవది.

1983లో పెనెలోపీ జెగ్గో, కెంప్ చైనా హామ్‌స్టర్ అండాశయ కణాల నుంచి ‘ఎక్స్‌ఆర్‌ఎస్’ అనే ఉత్పరివర్తితాలను వేరుచేశారు. ఇవి జంటపోగు ఛేదాలను కలపలేవు. తెగిన కొనలను ఉంగరంలా పట్టుకొనే ‘కు’ ప్రోటీనులో కు80 అనే భాగం వీటిలో లోపించిందని 1994లో తేలింది. అయితే ఆరోగ్యవంతమైన కణంలో కూడా ఈ మార్గం తరచు కొన్ని అక్షరాలను పోగొట్టుకొనే కొనలను కలుపుతుంది. విరిగిన తాటాకు ముక్కలను చేర్చి కట్టినా గ్రంథపాతం మిగిలినట్టే ఇది. పూర్వస్థితిని సూచించే ‘మరమ్మతు’ దీనికి పొసగదు. దీన్ని ‘అతుకు’ అనాలి, ఆ కణాలది అతుకు లోపం.

రెండవ మార్గం ప్రత్యంతరాన్ని చూసి పూరించడం. సి.పి.బ్రౌన్ పండితుల చేత పలు ప్రతులను పోల్చి చూపించిన పద్ధతిని ఇక్కడ తలచుకోవచ్చు. కణానికి ఆ ప్రత్యంతరం సోదర క్రొమాటిడ్, అది నకలు తయారైన తరువాతనే దొరుకుతుంది. ఎక్స్‌ఆర్‌సీసీ2 జన్యువు చెడిన ‘ఐఆర్‌ఎస్‌1’ కణాల లోపం ఈ మార్గంలోనిదే. ఇవి ఎక్స్-కిరణాలకు ఓ మాదిరిగా, మైటోమైసిన్-సి మందుకు తీవ్రంగా లొంగిపోతాయి. ‘వికిరణ సున్నితం’ అనే ముద్ర వీటి ప్రధాన లక్షణాన్నే మరుగుపరుస్తుంది.

మూడవది అన్నింటికంటే చిక్కైనది. అటాక్సియా టెలాంజియెక్టేసియా రోగుల కణాలు వికిరణ సున్నితమైనవని 1975లో వెల్లడైంది. కాని అవి చాలా ఛేదాలను దాదాపు మామూలు వేగంతోనే కలుపుకొంటాయి. 1995లో గుర్తించిన ఏటీఎం జన్యువు ప్రధానంగా చేసేది అతకడం కాదు, తెగిందన్న వార్తను చేరవేయడం. ఆ వార్త అందక వికిరణం తరువాత కూడా ఈ కణాలు డి.ఎన్.ఎ. నకలును తగినంతగా ఆపవు. ఆకు విరిగిందని గమనించని లేఖకుడు తన ప్రతిని రాసుకొంటూ పోవడం వంటిదిది. దీన్ని మరమ్మతు లోపమనడం కంటే గుర్తింపు లోపమనడం సమంజసం. ఇటువంటి రోగులకు సాధారణ మోతాదులో రేడియేషన్ చికిత్స ఇస్తే ప్రాణాపాయం కలగవచ్చు. అందుచేత ఈ తేడా నిఘంటుకారుల పట్టింపు మాత్రమే కాదు.

లేఖకునికి ఉద్దేశం ఉంటుంది, ప్రోటీనుకు ఉండదు; పోలికను అంతకంటే సాగదీయరాదు. నా అభ్యంతరం ‘ఉత్పరివర్తిత’ అనే మాటపైనా ఉంది. 1986లో జెగ్గో, హాలిడే ఎక్స్‌ఆర్‌ఎస్ కణాలకు అజాసైటిడిన్ ఇస్తే వాటిలో కొన్ని మళ్ళీ వికిరణాన్ని తట్టుకోగలిగాయి. ఆ జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడిపోయింది, రెండవది మిథైల్ గుర్తుల కింద మూగబోయి ఉంది. అక్షరం పోలేదు, చదవడమే ఆగింది. దీనికి మన పరిభాషలో ఇంకా పేరు పెట్టలేదు.