ముక్కు ఎరుగని ప్రొటీన్

నగరవాసి ముక్కులోకి పుప్పొడీ, బండ్ల పొగా కలిసే వెళ్తాయి. ఆగకుండా వచ్చే తుమ్ముల్లో దేని వాటా ఎంతో తేల్చడం కష్టం. అమెరికాలో, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ డియాజ్-శాంచెజ్, ఆండ్రూ సాక్సన్ బృందం ఈ చిక్కు విప్పిన తీరు ముచ్చటగొలుపుతుంది.

1997లో వాళ్లు రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్లను ఎంచుకున్నారు. ఆ పుప్పొడి అలర్జెన్‌ను వాళ్ల ముక్కుల్లో ఒకసారి విడిగా, మరోసారి డీజిల్ పొగ రేణువులతో కలిపి వేశారు. కలిపినప్పుడు రాగ్‌వీడ్‌పై తయారైన ఐజీఈ, అంటే అలర్జీని రేపే యాంటీబాడీ, విడిగా వేసినప్పటికంటే 16 రెట్లు పెరిగింది. మన బీళ్లలో పెరిగే వయ్యారిభామ కూడా రాగ్‌వీడ్ కుటుంబపు మొక్కే.

ఉన్న అలర్జీని పొగ ఎగదోస్తుంది, సరే. లేనిదాన్ని పుట్టించగలదా? దీనికి పుప్పొడితో పరీక్ష కుదరదు. ఎవరి ముక్కు ఏ పుప్పొడిని ఎప్పుడు పీల్చిందో ఎవరికి తెలుసు? అందుకే 1999లో వెలువడిన ప్రయోగానికి వాళ్లు కీహోల్ లింపెట్ అనే సముద్రపు నత్త రక్తంలోని ప్రొటీన్‌ను తీసుకున్నారు. ఊరి గాలిలో అది తిరగదు. పాత పరిచయం అన్న సందేహానికి తావే లేదు.

అలర్జీ తత్వమున్న పదిమందికి ఆ ప్రొటీన్ ఒక్కటే ఇచ్చారు. ఒక్కరిలోనూ దానిపై ఐజీఈ రాలేదు. మరో 15 మందికి ప్రతిసారీ 24 గంటల ముందు డీజిల్ రేణువులు వేసి, ఆపైన అదే ప్రొటీన్ ఇచ్చారు. తొమ్మిదిమందిలో ఐజీఈ పుట్టింది.

అక్కడితో ఆగి ఉంటే, పొగ ఒంటిని మొత్తంగా రెచ్చగొట్టిందేమో అనిపించేది. కానీ వాళ్లు ఐజీజీ, ఐజీఏ అనే మామూలు యాంటీబాడీలనూ కొలిచారు. అవి రెండు బృందాల్లోనూ ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నాయి. అంటే పొగ అన్నింటినీ పెంచలేదు. శరీరం స్పందనను అలర్జీ వైపు మళ్లించింది. ప్రయోగానికి ఆయువుపట్టు ఈ కొలతే.

పాల్గొన్నది కొద్దిమందే, రేణువులను నేరుగా ముక్కులోనే వేశారు. రోడ్డు మీద పీల్చే గాలికి ఈ అంకెలను యథాతథంగా వర్తింపజేయలేం. ఆరుగురిలో ఐజీఈ రాలేదు కాబట్టి అందరి ఒళ్లూ ఒకేలా స్పందించవనీ తెలుస్తుంది. అయినా తుమ్ములకు చెట్టునో కలుపునో మాత్రమే తప్పుపట్టేవాళ్లు రోడ్డు లెక్కనూ చూడక తప్పదని ఇంత పొందికగా చూపిన ప్రయోగాలు అరుదు.