యంత్రము వ్రాసిన ఆటవెలది

1950లో బ్రిటిషు గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ 'మైండ్' అను పత్రికలో వ్రాసిన వ్యాసమున ఒక మౌఖిక పరీక్షను ఊహించెను. సానెట్ అను పదునాలుగు పాదముల పద్యమును వ్రాసిన యంత్రమును పరీక్షకుడు ప్రశ్నించును: వేసవి దినము అన్నచోట వసంత దినము అనరాదా? ఛందస్సు చెడును అని జవాబు. పోనీ, శీతకాలపు దినము అన్నచో ఛందస్సు సరిపోవును గదా? సరిపోవును గాని, తన్ను చలిదినముతో పోల్చిన ఎవరు సంతోషింతురు అని జవాబు. పద్యమును నిజముగా గ్రహించెనో, చిలుకపలుకులు పలికెనో తేల్చుటకే ఈ పరీక్ష.

ఇప్పుడు కృత్రిమ మేధచే పద్యరచన నేర్పింపవచ్చుననియు, విద్యార్థుల పద్యములను దిద్దింపవచ్చుననియు కొందరు చెప్పుచున్నారు. ఈ మాటను పరీక్షింపకయే ఒప్పుకొనరాదు.

నేనొక యంత్రమును వానను గూర్చి ఆటవెలది వ్రాయుమంటిని. ఆటవెలది రెండవ పాదమున అయిదును సూర్యగణములే. అనగా గురువు లఘువు గల హగణము గాని, మూడు లఘువుల నగణము గాని ఉండవలెను. యంత్రము ఆ పాదమును 'మబ్బులు' అని ముగించినది. ద్విత్వమునకు ముందున్న 'మ' గురువు. తక్కిన రెండును లఘువులు. అది భగణము, ఇంద్రగణములలోనిది. తప్పని చెప్పగా యంత్రము క్షమాపణ కోరి, మరల 'మబ్బులు' అనియే వ్రాసి, ఇప్పుడు సరిపోయినదనెను!

దీనికి కారణమున్నది. మనకు 'స్త్రీ' ఒక అక్షరము. కంప్యూటరులోని యూనికోడ్ పద్ధతిలో అది ఆరు సంకేతములు. యూటీఎఫ్-8 రూపమున 18 బైట్లు. భాషాయంత్రము వాక్యమును తనకు అనుకూలమైన తునకలుగా కోసికొని, తరువాతి తునక ఏదో ఊహించును. ఆ తునకలు మన అక్షరములతో సరిపోవలెనన్న నియమము లేదు. కనుక అది గణములను లెక్కించుట లేదు, ఊహించుచున్నది. దీర్ఘము, సున్న, విసర్గ, సంయుక్తాక్షరమునకు ముందటి అక్షరము గురువులు అను సూత్రములను యథాతథముగా పాటించు చిన్న ప్రోగ్రాము, కొద్ది మినహాయింపులను చేర్చినచో, ఆ పనిని ఇంతకంటె నమ్మకముగా చేయును. దానికి మేధతో పని లేదు.

ట్యూరింగ్ పరీక్షలోని రెండవ ప్రశ్నయే అసలు సాహిత్యపాఠము. పాదాంతమున 'మబ్బు' అన్నను 'మొయిలు' అన్నను సూర్యగణమే. ఏది తగును? నేను 'మబ్బు' మేలనగా యంత్రము ఔననెను. 'మొయిలు' మేలనగా అదియు ఔననెను. రెంటికిని సొంపైన కారణములు చెప్పినది. అడిగినవానికి నచ్చినదెల్ల ఒప్పు అనువాడు పద్యములు దిద్దుటకు తగునా? తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు మాత్రము, "మా తాత మబ్బు పట్టిందంటాడు గాని మొయిలు పట్టిందనడండీ" అనెను. పద్యములో మాట్లాడునది రైతు. వాదము అంతటితో తేలినది.

అప్పటినుండి మా తరగతిలో పరీక్షింపబడు స్థానము యంత్రమునకే ఇచ్చితిమి. దాని పద్యమును నల్లబల్లపై వ్రాయుదుము, పిల్లలు గురులఘువులు గుర్తించి, ప్రతి మాటకును "ఇదియే ఏల?" అని అడుగుదురు. మొన్న మూడవ పాదము దాటకముందే గంట మ్రోగెను.