బ్రేకు మీంచి కాలు తీయకండి

కారు నేర్పేవాళ్లంతా మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: "బ్రేకు మెల్లగా తొక్కాలి, బండి కుదపకూడదు." మంచి మాటే. కానీ పాఠం అక్కడితోనే ఆగిపోతుంది. ఎప్పుడో ఒక రోజు ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాల్సి వస్తుందని, అప్పుడు ఎలా తొక్కాలో మాత్రం ఎవరూ చేయించి చూపించరు. మన పాదం నేర్చుకోని ఈ పని కోసం కార్ల కంపెనీలు బ్రేకులోనే ఒక ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఆ ఏర్పాటు అర్థం కావాలంటే ముందు మామూలు బ్రేకు సంగతి చూడాలి. బానెట్ ఎత్తితే చాలా కార్లలో బ్రేక్ పెడల్‌కు ఎదురుగా, ఇంజిన్ గది వెనక గోడను ఆనుకుని నల్లటి గుండ్రటి డబ్బా కనిపిస్తుంది. అదే బూస్టర్. లోపల రబ్బరు డయాఫ్రమ్ దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. పెట్రోలు ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు ఆ గదుల్లో గాలి కూడా పలచబడుతుంది; దీన్నే వాక్యూమ్ అంటారు. పెడల్ తొక్కగానే వెనక గదిలోకి బయటి గాలి చొరబడి డయాఫ్రమ్‌ను ముందుకు తోస్తుంది. డయాఫ్రమ్ వ్యాసం 10 అంగుళాలైతే ఆ తోపు 400 కిలోల బరువు దాకా పోతుంది. దాని ముందు మన పాదం పెట్టే బలం చిన్నదే. బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ దెవాంద్ర్ రూపొందించిన ఈ పద్ధతిని 1920ల చివర్లో బాష్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. నూరేళ్లు కావస్తున్నా ఇవాళ్టికీ మన రోడ్ల మీద చాలా కార్లను ఆపుతున్నది ఈ గాలి బలమే.

"ఇంజిన్ ఆపేసి నాలుగైదుసార్లు బ్రేకు కొట్టండి సార్, గట్టిపడిపోద్ది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్యండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే" అని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ నాకు చెప్పాడు. బండి ఉన్న ప్రతివారూ ఇంటి ముందే చేసుకోగల పరీక్ష ఇది. పెట్రోలు మిగులుతుందని ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసేవాళ్లు తప్పకుండా చేయాలి. ఇంజిన్ ఆగాక బూస్టర్‌లో మిగిలే వాక్యూమ్ రెండు మూడుసార్లు తొక్కేసరికే అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే మలుపులో కాలికి ఏ సాయమూ ఉండదు.

ఇక పాదం సంగతి. మెర్సిడెస్ బెంజ్ వాళ్లు 1990ల్లో బెర్లిన్‌లోని తమ డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో మామూలు డ్రైవర్లను కూర్చోబెట్టి, ఉన్నట్టుండి ప్రమాదం ఎదురైతే ఏం చేస్తారో గమనించారు. చాలామంది పాదం యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి వేగంగానే వచ్చింది. తొక్కడం కూడా చటుక్కునే తొక్కారు. చివరిదాకా మాత్రం తొక్కలేదు. దీన్ని పిరికితనం అనుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి మెల్లగా తొక్కడమే నేర్చిన కాలు ఒక్క క్షణంలో ఆ అలవాటు ఎలా మానుకుంటుంది?

ఆ సగం తొక్కుడు ఎంత నష్టం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. పొడి రోడ్డు, మంచి టైర్లు. పూర్తిగా తొక్కితే బ్రేకు పట్టిన చోటు నుంచి సుమారు 17 మీటర్లలో ఆగుతుంది. సగం బలమే పడితే 35 మీటర్లు కావాలి. పూర్తిగా తొక్కినవాడి బండి ఆగిపోయిన ఆ 17వ మీటరు దగ్గర, సగం తొక్కినవాడి బండి వేగం ఇంకా 42 కిలోమీటర్లు. ఆ చోట ఒక మనిషి నిలబడి ఉంటే ఒక బండి తాకదు, రెండోది 42 వేగంతో గుద్దుతుంది. రెండు బండ్లకూ బ్రేకులు ఒకటే, రోడ్డూ ఒకటే.

1996 చివర్లో బెంజ్ వాళ్లు తమ పెద్ద కార్లలో పెట్టిన బ్రేక్ అసిస్ట్ ఈ తేడాను పూడ్చడానికి పుట్టింది. బూస్టర్‌లోని డయాఫ్రమ్ ఎంత వేగంగా కదులుతోందో ఒక సెన్సార్ కనిపెట్టి ఉంటుంది. ఆ వేగం హద్దు దాటితే ఇది మామూలు తొక్కుడు కాదని కంట్రోలర్ నిర్ణయిస్తుంది. కరెంటుతో పనిచేసే వాల్వ్ తెరుచుకుని బయటి గాలిని పూర్తిగా లోపలికి వదులుతుంది. కాలు సగంలో ఆగినా బ్రేకు చివరిదాకా పడుతుంది. ఎంత బలంగా తొక్కారన్నది కాక ఎంత వేగంగా తొక్కారన్నది చూడటంలోనే దీని తెలివంతా ఉంది. కాలు మెత్తగా పడినా మనిషి ఆపాలనే అనుకున్నాడని అది నమ్ముతుంది. అంతకు ముందే, 1978లో బెంజ్ ఎస్-క్లాస్‌లోకి చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ వచ్చి ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఏబీఎస్ లేకుండా అంత బ్రేకు పడితే చక్రాలు బిగుసుకుపోయి, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. ఇంజినే లేనప్పుడు వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుంది? 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో బ్రేకుకు సాయం చేసే పని మోటారుకు అప్పగించారు. 2013లో బాష్ ఐబూస్టర్ వచ్చింది. ఇందులో గాలి పని లేదు. మోటారు, గేర్లు కలిసి, బ్రేకు నూనెను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌ను తోస్తాయి. కెమెరా, రాడార్ ప్రమాదాన్ని పసిగడితే పూర్తి ఒత్తిడి రావడానికి 120 మిల్లీసెకన్లు చాలని, పాత పద్ధతి కంటే ఇది మూడు రెట్లు వేగమని కంపెనీ చెబుతుంది. 60 వేగంలో పావు సెకనుకే బండి 4 మీటర్లు, అంటే ఒక చిన్న కారు పొడవంత ముందుకు పోతుంది కాబట్టి ఈ తొందర ఉత్తినే కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ తనంతట తానే పడే అత్యవసర బ్రేకు ఉండి తీరాలి.

ఇంత జరిగినా ఐబూస్టర్‌లో పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ దాకా ఇనుప కడ్డీని అలాగే ఉంచారు. మోటారుకు కరెంటు అందకపోయినా కాలి బలం చక్రానికి చేరాలి కదా. అప్పుడు చాలా గట్టిగా తొక్కాలి. అంటే కొత్త యంత్రం కూడా ఆఖరికి ఆధారపడేది మన కాలి మీదే.

బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్షకు వచ్చినవాళ్లలో కొందరిని ఉన్నట్టుండి ఆపి చూపించమంటారు. జర్మనీ పరీక్షలోనూ అత్యవసర బ్రేకు ఉంది. మన దగ్గర లైసెన్సు పరీక్ష అనగానే గుర్తొచ్చేవి ఎనిమిది, హెచ్ ట్రాకులు. అవి స్టీరింగ్ తిప్పడాన్ని పరీక్షిస్తాయి. ప్రాణాలు నిలిపే తొక్కుడు సంగతి ఆ ట్రాకుల మీద తేలదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అది పనిచేస్తున్నప్పుడు పెడల్ కాలి కింద దడదడా కొట్టుకుంటుంది, టకటకమని చప్పుడు వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. కాలు తీసిన మరుక్షణం బ్రేక్ అసిస్ట్ కూడా తప్పుకుంటుంది. ఆ దడ, ఆ చప్పుడు పాదానికి ముందే తెలిసి ఉండాలి. తెల్లవారుజామున ఖాళీ మైదానం చూసుకోండి. సీటు బెల్టు పెట్టుకోండి, వెనక ఎవరూ లేరని చూసుకోండి. 40 వేగంలో బలమంతా పెట్టి తొక్కి, బండి పూర్తిగా ఆగేదాకా కాలు అలాగే ఉంచండి. క్లచ్ ఉన్న బండైతే క్లచ్ కూడా తొక్కండి.

డ్రైవింగ్ స్కూళ్లు నడిపేవారికి ఒక మనవి. మీ కోర్సులో ఒక్క ఉదయం దీనికి కేటాయించండి. పిల్లలను చేర్చే తల్లిదండ్రులు కూడా సడన్ బ్రేకు నేర్పుతారా అని అడిగి, నేర్పుతామన్న చోటే ఫీజు కట్టాలి.